మామా, నేనూ, సర్వీస్ ఛానల్

నా పెళ్లినాడు మా అమ్మ చెప్పిన బుద్ధి ఒక్కటే. "నీ నోటి సంగతి నాకెరుకే. మొగనితోని కొట్లాడినా మంచిదే, అత్తతోని కొట్లాడినా మంచిదే. మామ ముంగట మాత్రం నోరు తెరిచినవో, నా ఇజ్జత్ తీసినట్టే."

అమ్మ భయంలో తప్పులేదు. నోరు మూసుకోవడం నాకు పుట్టుకతో రాలేదు. బడిలో సార్లు, హాస్టల్ వార్డెన్, ఆ తర్వాత ఉద్యోగంలో నా పైవాళ్లు, అందరూ నా మాటలు పడ్డవాళ్లే. అలాంటిదాన్ని మామ ముందు మాత్రం పిల్లిలా ఉండేదాన్ని. మా వైపు పల్లె కుటుంబాల్లో అదే పద్ధతి. మామ వాకిట్లో కూర్చుంటే కోడలు తలుపు వెనక నిలబడుతుంది. చెప్పాల్సింది అత్తకు చెబుతుంది, అత్త మామకు చెబుతుంది, జవాబు అదే దారిలో వెనక్కి వస్తుంది. మామ కూడా కోడలిని నేరుగా పలకరించడు. "కూరల ఉప్పు తక్కువైనట్టుంది" అని ఎదురుగా ఉన్న గోడకు చెబుతాడు. తలుపు వెనక నేను ఉప్పు డబ్బా అందుకుంటాను. పెళ్లయి బిడ్డ పుట్టి, ఆ బిడ్డ నడక నేర్చినా మా ఇద్దరి మధ్య నేరుగా ఒక్క మాట జరగలేదు.

అలాగని ఆయన కోపిష్టి ఏమీ కాదు. నాకు జ్వరం వస్తే రామన్నపేట సంతలో బత్తాయిలు కొనుక్కొచ్చి, ఎవరి కోసమో చెప్పకుండా వంటింటి గడప మీద పెట్టి వెళ్లిపోయేవాడు. ఆ బత్తాయిలు తింటూ నాకు ఏడుపొచ్చేది. అమ్మ చెప్పిన బుద్ధి గుర్తొచ్చి ఒళ్లు మండేది కూడా.

మామ పని గేజి రీడర్. కొల్లాపూర్ దాటి, నల్లమల గుట్టలు నదికి దగ్గరగా వచ్చే చోట, మామ గంగ అని పిలిచే కృష్ణ ఒడ్డున ఒక చిన్న గది. గది కింద మెట్లు, మెట్ల పక్కన రాతికి నంబర్లు వేసిన కొలబద్ద. నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో చూసి, పైకొచ్చి కంట్రోల్ రూముకు చెప్పాలి. ఎండాకాలం రోజుకు రెండుసార్లు, వరద రోజుల్లో గంట గంటకూ. పడుచువాడిగా ఉన్నప్పుడు వైర్‌లెస్ సెట్టుతో మొదలుపెట్టి, ఆ ఒడ్డునే తల నెరిసింది ఆయనకు. సెలవు దొరికినప్పుడే ఇంటికొచ్చేవాడు.

ఆ చోట సెల్‌ఫోన్ పలకదు. చుట్టూ గుట్టలే. తెలంగాణ వచ్చాక రెండో వానాకాలమో మూడోదో, అలాంటి చోట్లన్నిటికీ శాటిలైట్ డిష్షులు పెట్టే పని మా కంపెనీకి దొరికింది. ఇటువైపు పెద్ద డిష్షు నల్లగొండలో, నీళ్ల ఆఫీసు అని అందరూ పిలిచే కాంపౌండులో పెట్టారు. ఆ కాంపౌండులో కంట్రోల్ రూము, దాని పక్కన మిషన్ల గది. ఆ గది నాది. అంటే మామ నది ఒడ్డున ఒక మోడెమ్ ముందు, నేను నల్లగొండలో ఇంకో మోడెమ్ ముందు. మధ్యలో ఆకాశం. అయినా మాటల్లేవు, ఎందుకంటే ఆయన మాట్లాడేది కంట్రోల్ రూములో ఫోనెత్తే ఆపరేటర్‌తో.

గొడవ ఎక్కడ మొదలైందంటే, మామకు చెవులు మెల్లమెల్లగా పోతూ వచ్చాయి. ముందు అత్తమ్మ గమనించింది. ఒక మాట రెండుసార్లు చెప్పాల్సి రావడం, తర్వాత అరవాల్సి రావడం. ఆ ఏడు తొలకరిలో ఒకరోజు కంట్రోల్ రూము నుంచి ఫోను మోగీ మోగీ ఆగిపోయింది. మామ ఫోను పక్కనే కూర్చుని ఉన్నాడు. వినపడలేదు. పై నుంచి నీళ్లు వదిలారని చెప్పడానికి చేసిన ఫోను అది. అదృష్టం బాగుండి ఏ నష్టమూ జరగలేదు. కానీ కంట్రోల్ రూము చూసే ఇంజనీరు సారు ఊరుకుంటాడా? వచ్చే సోమవారం నుంచి మామను మహబూబ్‌నగర్ ఆఫీసులో కూర్చోబెట్టి, నది దగ్గరికి వేరే మనిషిని పంపాలని చెప్పేశాడు.

అత్తమ్మ అప్పుడు మా దగ్గరే, నల్లగొండలో, మనవరాలిని చూసుకుంటూ ఉండేది. వంటింట్లో ఉల్లిగడ్డ కోస్తూ నాకు చెప్పింది. "దసరా దాటితె రిటైరే గద బిడ్డా. ఆయన ఏమన్నడో ఎరుకేనా? 'గంగ ఒడ్డుకు పడుచోనిగ దిగిన, గంగ ఒడ్డు నుంచే ఇంటికి రావాలె అనుకున్న. ఆఖరికి కుర్సీల కూసోబెట్టి, చెవిటోడని ఎనక నవ్వుతుంటే ఇనుకుంట పోవాల్నా' అన్నడు. ఇననే రాదు కదయ్యా నీకు అని నేను నవ్విన. ఆయన నవ్వలే." ఉల్లిగడ్డ పక్కన పెట్టి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ కన్నీళ్లు ఉల్లిగడ్డవి కావు.

మర్నాడు పొద్దున్నే ఇంజనీరు సారు గదిలోకి వెళ్లాను. "సార్, ఆయన మా మామ. ముందే చెప్తున్న, తర్వాత తెలిసి తప్పు పట్టొద్దు. చెవులు పోయినయి గని కండ్లు పోలే సార్. కొలబద్ద చూసేది కండ్లతోని గద. ఫోను బదులు అక్షరాలు పోయేటట్టు చేస్త. మీరేమన్నా చెప్పాల్నంటే ఆయన చదువుతడు. ఆయన చెప్పింది మీరు చదవండి."

సారు చెడ్డవాడేం కాదు. కింద ఊళ్లున్నాయని ఆయన భయం. "మెయిన్ లింకు ముట్టుకోవద్దు. అందులో సెన్సారు, కెమెరా, ఫోను నడుస్తున్నయి. దాన్ని చెడగొట్టకుండ చేస్తనంటే చెయ్యి. శుక్రవారం ఐదింటికి నేను పైకి రిపోర్ట్ పంపాలె. అప్పటికి నా కండ్ల ముందు అక్షరం కనపడాలె" అన్నాడు.

మెయిన్ లింకు ముట్టుకునే అవసరం నాకు లేదు. శాటిలైట్ మోడెమ్‌లో పెద్ద దారి పక్కన సన్నటి దారి ఇంకొకటి ఉంటుంది. దాన్నే సర్వీస్ ఛానల్ అంటారు. పనివాళ్లు రెండు చివర్లా కూర్చుని "మీ దిక్కు ఎట్లుంది, మా దిక్కు ఇట్లుంది" అని తమలో తాము చెప్పుకోవడానికి వదిలిన దారి. మేము దాన్ని ఎన్నడూ వాడలేదు. మోడెమ్ వెనక దానికో సాకెట్ ఉంటుంది, దుమ్ము పట్టకుండా మూత పెట్టి. దాన్ని తెరవాలంటే మోడెమ్‌కు కొన్ని సంగతులు చెప్పాలి: ఏ రకం ఇంటర్‌ఫేస్, అక్షరాలు ఎంత వేగంతో పోవాలి, ఒక్కో అక్షరానికి ఎన్ని గుర్తులు. రెండు చివర్లా ఒకే మాట చెప్పాలి. ఒకవైపు ఒకటి, ఇంకోవైపు ఇంకొకటి అయితే తెర మీద పిచ్చి గీతలు తప్ప ఏమీ రావు.

ఇంటర్‌ఫేస్‌లో నాకు రెండు రకాలు దొరికాయి. ఒకదాంట్లో పోయే మాటకు ఒక తీగ, వచ్చే మాటకు ఇంకో తీగ. ఇద్దరూ ఎప్పుడంటే అప్పుడు మాట్లాడొచ్చు. రెండోదాంట్లో ఇద్దరికీ కలిపి ఒకే తీగల జత. ఒకరు మాట్లాడితే ఇంకొకరు నోరు మూసుకోవాలి. మా ఇంట్లో నడుస్తున్నది ఈ రెండో రకమే కాబట్టి, నేను మొదటిది పెట్టాను.

మా ఆయనకు నల్లగొండలో మోటార్ వైండింగ్ దుకాణం ఉంది. తీగ పని చేతికి తెలిసినవాడు. పాత లాప్‌టాప్ ఒకటి, నేను చేసిన కేబుల్ ఒకటి ఇచ్చి గురువారం బస్సెక్కించాను. కేబుల్ ఒక చివర ఎర్ర దారం కట్టి, "ఎర్ర దారం మోడెమ్‌కు, ఒట్టిది లాప్‌టాప్‌కు" అని బస్టాండు దాకా అప్పజెప్పించుకున్నాను. ఆయన ఊరికే ఉండే రకం కాదు. అక్షరం వస్తే వెలిగేలా ఒక చిన్న బల్బు, దాన్ని వెలిగించే రిలే స్విచ్చు ఒకటి కట్టి తీసుకెళ్లాడు. బాపుకు గంట వినపడదు కదా అన్నాడు. ఆ మాటకు ఆయన మీద నాకున్న పాత కోపాలు చాలా మాఫీ అయిపోయాయి.

శుక్రవారం పొద్దున కొల్లాపూర్ వచ్చాక ఆయన ఫోను పలికింది.

"పెట్టినవా?"

"పెట్టిన."

"ఎర్ర దారం?"

"మోడెమ్‌కే పెట్టిన తల్లీ. స్క్రూలు గూడ బిగించిన. బల్బు గూడ తయ్యారున్నది."

"మీ బాపు ఏం చేస్తుండు?"

"తెర ముంగట కూసున్నడు. జొన్న చేనుకు కావలి కూసున్నట్టు కదలకుంట చూస్తుండు."

"అన్నీ చెప్పినవా?"

"చెప్పిన, చెప్పిన. ఇగ నువ్వు చూస్కో. బస్సు ఎల్తాంది."

నేను ఇటు తెర ముందు కూర్చున్నాను. నల్లటి తెర, ఒక మూల తెల్ల గీత మినుకుమినుకుమంటోంది. మా కంపెనీలో ఒక పద్ధతుంది. కొత్త దారి తెరిచినప్పుడు అవతలి చివర ఉన్న మనిషి ముందు కొట్టాలి, ఇవతల ఉన్నవాళ్లం చూస్తూ ఉండాలి. నేను చూస్తూ ఉన్నాను. ఏమీ రాలేదు. టీ తాగి వచ్చాను. ఏమీ రాలేదు.

పెద్ద దారి మంచిగానే ఉంది, లైట్లన్నీ పచ్చగా ఉన్నాయి. కాబట్టి లోపం ఈ సన్న దారిలోనే అనుకున్నాను. అటువైపు మోడెమ్ సెట్టింగులు కూడా ఇక్కడి నుంచే మార్చొచ్చు. వేగం తగ్గించాను, రెండు చివర్లా. మళ్లీ చూశాను. లేదు. ఇంకా తగ్గించాను. లేదు. అక్షరానికి గుర్తులు మార్చాను. లేదు. నా సాకెట్‌లో రెండు తీగలు కలిపి, నేను కొట్టింది నాకే తిరిగొస్తుందా అని చూశాను. శుభ్రంగా వచ్చింది. అంటే నా వైపు బాగానే ఉంది. ఇక మిగిలింది అవతలి కేబుల్, లేకపోతే మా ఆయన. ఆయనకు ఫోను చేసి, "ఎర్ర దారం ఎక్కడ పెట్టినవో నిజం చెప్పు" అన్నాను. "మోడెమ్‌కే అని నెత్తి మీద చెయ్యి పెట్టుకొని చెప్తున్న" అన్నాడు. "ఎవరి నెత్తి మీద?" అన్నాను. ఫోను పెట్టేశాడు.

మామ ఫోనులో వినలేడు కానీ చెప్పగలడు. అందుకని ఆ వారమంతా ఒక ఏర్పాటు నడిచింది. టైముకు ఆయనే ఫోను చేసి, లెవెల్ రెండుసార్లు గట్టిగా చెప్పి, పెట్టేస్తాడు. ఆ రోజూ అలాగే చేశాడు. పక్క గదిలోంచి ఆపరేటర్ వచ్చి, "మేడం, లెవెల్ చెప్పినంక మీ మామ ఇంకో మాట గూడ అన్నడు. 'మిషన్ మీద ఏం రాలే సార్' అన్నడు" అన్నాడు.

ఇంకేముంది! నాకేమీ రాలేదు, ఆయనకూ ఏమీ రాలేదు. రెండు వైపులా దారి చచ్చిందని తేల్చేసుకున్నాను. మొదటి రకం ఇంటర్‌ఫేస్ తీసేసి రెండో రకం పెట్టాను. మళ్లీ అది తీసి ఇది పెట్టాను. కుర్చీని తన్నాను. కేబుల్ అమ్మిన దుకాణంవాడిని తిట్టాను. మోడెమ్ తయారుచేసినవాడు ఏ దేశంలో ఉన్నాడో కానీ వాడినీ వదల్లేదు. మధ్యాహ్నం సారు తలుపు దగ్గర నిలబడి, "ఏమైందమ్మా?" అన్నాడు. "అయితాంది సార్" అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా వినపడలేదు. సోమవారం మామ పెట్టె సర్దుకుని, మెట్లెక్కి, నది వైపు వెనక్కి తిరిగి చూస్తున్నట్టు కళ్లముందు కనపడింది.

అప్పుడొచ్చింది అత్తమ్మ. ఒక చేత్తో టిఫిన్ డబ్బా, ఇంకో చేత్తో మనవరాలు. నారాయణపేట చీర కట్టుకుంది, దవాఖానకో పెళ్లికో తప్ప తీయని చీర. ఆఫీసుకు రావడం అదే మొదటిసారి. ఇంట్లో కూర్చోలేకపోయిందట.

"ఏమాయె బిడ్డా? కుదిరిందా?"

"లేదు అత్తమ్మా. పొద్దటి సంది చూస్తున్న. ఒక్క అక్షరం రాలే."

"ఆయనేమన్నడు?"

"ఆయనకు గూడ ఏం రాలేదంటుండు."

అత్తమ్మ డబ్బా బల్ల మీద పెట్టింది. తెర వైపు చూసింది. నా వైపు చూసింది. "నువ్వేం పంపినవ్?"

"నేనా? నేనేం పంపలే. ఆయన పంపాలె, నేను చూడాలె. గదీ పద్ధతి."

"అవ్వో! ఆయన పంపాల్నా? ఆయన నీతోని ముందుగాల మాట్లాడుతడా? పెండ్లయిన కాడి నుంచి మాట్లాడిండా? నువ్వు మాట్లాడినవా? ఇద్దరు గా కొసకు ఒకరు, ఈ కొసకు ఒకరు కూసోని నోర్లు మూసుకుంటే మిషన్ ఏం జేస్తది పాపం!"

ఆమె ఆగలేదు. "గా వైర్‌లెస్ నౌకరీల గూడ ఆయనకు గదే అలవాటు. కంట్రోల్ పిలిస్తెనే పలకాలె, పిలవంది నోరిప్పొద్దు. ఇంట్ల గూడ గంతే. నేను పిలవంది అన్నానికి గూడ లేవడు."

నా మొహం మండ! పొద్దున్నుంచి నేను అటు ఒక్క అక్షరం కూడా పంపలేదు. ఆ సంగతే నాకు తట్టలేదు. "ఏం రాలే సార్" అని మామ చెప్పినప్పుడైనా, "నేను పంపితే గద వచ్చేది" అన్న ఆలోచన రాలేదు. ఇంకెవరైనా అవతల ఉంటే పది నిమిషాలు చూసి, "హలో, ఉన్నవా లేవా" అని కొట్టి ఉండేదాన్ని. మామ కాబట్టి చేతులు కీబోర్డు మీదికి పోలేదు. తలుపు వెనక నిలబడే అలవాటు తెర వెనకా పోలేదు.

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, సిగ్గేసింది. గబగబా అన్నీ పొద్దున పెట్టినట్టే పెట్టేశాను, రెండు చివర్లా. మొదటి రకం ఇంటర్‌ఫేస్, మొదటి వేగం. వేళ్లు కీబోర్డు మీద పెట్టాను. అక్కడ ఆగిపోయాను. ఏమని పిలవాలి? మామా అని ఆయన ముందు నా నోటితో ఎన్నడూ అనలేదు.

"కొట్టు పిల్లా," అంది అత్తమ్మ. "ఆయనేమన్నా పులా?"

ఆ దారిలో తెలుగు అక్షరాలు పోవు. ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు కొట్టాను. "మామా, అన్నం తిన్నరా?"

ఎందుకు అదే కొట్టానో తెలియదు. లెవెల్ అడగాల్సింది. అత్తమ్మ నా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. పాప టిఫిన్ డబ్బా మూత తీస్తోంది.

తెర మీద ఒక అక్షరం వచ్చింది. కాసేపటికి ఇంకొకటి. ఆయన ఒంటి వేలితో వెతికి వెతికి కొడుతున్నాడు. ఒక్కో అక్షరానికీ అత్తమ్మ చెయ్యి నా భుజం మీద బిగుసుకుంటోంది. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు రావు. "ఏమంటుండు, ఏమంటుండు" అంటోంది. నేను చదివి చెప్పాను.

"తినలే బిడ్డా. పొద్దటి సంది నీ కోసమే చూస్తున్న. లేచిపోతే నువ్వు పిలిచినప్పుడు ఉండనేమోనని."

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఏం దాచుకోలేదు, భోరున ఏడ్చాను. పాప భయపడి అది కూడా ఏడుపందుకుంది. ఆపరేటర్ పరుగెత్తుకొచ్చాడు, వెనకే సారు. ముగ్గురు ఆడవాళ్లు ఏడుస్తుంటే మామకేదో అయిందనుకున్నారట. నేను తెర చూపించాను.

సారు కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. "లెవెల్ అడుగమ్మా" అన్నాడు మెల్లగా. అడిగాను. లెవెల్ వచ్చింది. ఆ కింద ఇంకో వరస కూడా వచ్చింది. "నీళ్లు ఎర్రబడ్డయి. కొట్టుకొచ్చే చెత్త ఎక్కువైంది. రాత్రికి పెరుగుతది." సారు రెండుసార్లు చదువుకున్నాడు. "ముందు ఆయనను తినమను. సీజన్ అయ్యేదాక అక్కడనే ఉంటడు" అన్నాడు. ఆ మాటే కొట్టాను. "మంచిది" అని మాత్రం వచ్చింది.

ఆ వానాకాలం నా జీవితంలో అన్నిటికంటే ఎక్కువ మాట్లాడింది మామతోనే. రోజూ పొద్దున నేను పిలవాలి, ఆయన పలకాలి. ఆ వరస మాత్రం ఆయన తప్పలేదు. ముందు లెవెల్, ఆ తర్వాత ముచ్చట. కొత్త నీళ్లకు చేపలు ఎదురెక్కుతున్నాయని, మెట్ల మీద ఉడుము ఒకటి ఎండకు పడుకుంటుందని, దాన్ని లేపడం ఇష్టం లేక చుట్టూ తిరిగి దిగుతున్నానని చెప్పేవాడు. పాపకు పన్ను ఊడిందా అని అడిగేవాడు. అత్తమ్మ చేసిన పచ్చి పులుసు గుర్తొస్తోందని, కానీ ఆ మాట ఆమెకు చెప్పొద్దని, చెబితే నెత్తికెక్కుతుందని అనేవాడు. గోడకు చెప్పే మనిషిలో ఇన్ని మాటలున్నాయని నాకేం తెలుసు! నేనూ తక్కువ తినలేదు. మా ఆయన మీద చాడీలన్నీ అక్కడే చెప్పుకున్నాను. "వాడు చిన్నప్పటి సంది గంతే బిడ్డా, జర ఓర్చుకో" అనేవాడు.

ఒకరోజు అడిగాను, చెవులు వినపడకపోతే ఎట్లుంటది మామా అని. ఇంటి దగ్గరైతే అడిగే ధైర్యం ఏడు జన్మలకూ రాదు. "మనుషుల మాట పోయింది, దానికి పెద్ద ఫికర్ లేదు. గంగ సప్పుడు పోయింది గదే బాధ. నీళ్ల దిక్కు చూస్తుంటే మాత్రం సప్పుడు యాదికొస్తది" అని రాశాడు.

దసరాకు సెలవు పెట్టి ఇంటికొచ్చాడు. నేను ఎంతో ఊహించుకున్నాను. ఆయన వచ్చి వాకిట్లో కుర్చీలో కూర్చున్నాడు. నా కాళ్లు వాటంతట అవే తలుపు వెనక్కి పోయాయి. చాయ్ అత్తమ్మ చేతికిచ్చి పంపాను. జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కితే నెత్తి మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి తీయడానికి కాస్త ఎక్కువసేపే పట్టింది. మాట మాత్రం లేదు. పండుగ అయ్యాక తిరిగి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున నేను పిలిస్తే, లెవెల్ తర్వాత, "మొన్న చాయ్ మంచిగుండె. అల్లం జర తక్కువైంది" అని వచ్చింది. తెర ముందు కూర్చుని తల కొట్టుకున్నాను. పది అడుగుల దూరంలో ఉన్నప్పుడు చెప్పని మాట, ఆకాశం దాకా పోయి వచ్చింది.

ఆయన ఆఖరి రోజు వచ్చింది. నదిలో నీళ్లు తగ్గి, బండలు బయటపడ్డాయి. ఆ పొద్దున నేను ఆఫీసుకొచ్చి, చెప్పులు విడిచి, తెర వెలిగించేసరికే అక్షరాలు కదులుతున్నాయి. నేను ఇంకా పిలవలేదు.

"బిడ్డా, ఇయ్యాల నేనే ముందుగాల పిలుస్తున్న. ఏమనుకోకు."

నిలబడే కొట్టాను. "చెప్పండి మామా."

లెవెల్ వచ్చింది. "గిదే నా ఆఖరు లెవెల్. సారుకు చెప్పు. అనుకున్నట్టే గంగ ఒడ్డు నుంచే ఇంటికొస్తున్న." అంతటితో లేచిపోయాడేమో అనుకున్నాను. మళ్లీ ఒక్కో అక్షరం మొదలైంది.

"ఒక్క మాట బిడ్డా. ఇంట్ల నాకు చెవులు ఇనరావు. నువ్వు తలుపెనక నిలబడితె కండ్లకు గూడ కనపడవు. ఇగ నాకు నీ మాట ఎట్ల తెలుస్తది? జర ముంగటికొచ్చి నిలబడు. నోరు కనపడితె చాలు, ఏమంటున్నవో నాకు ఎరుకైతది."

"సరే మామా" అని ఎలాగో కొట్టాను.

ఇప్పుడు ఆ గుట్టల్లో కూడా టవర్ వేశారట, ఆ డిష్షు తీసేశారు. సాకెట్‌కు మళ్లీ మూత పెట్టింది నేనే. కానీ నేను మరిచిపోనిది మామ ఇంటికొచ్చిన మర్నాటి పొద్దు. ఆయన వాకిట్లో కుర్చీలో కూర్చున్నాడు. నేను చాయ్ గ్లాసు అత్తమ్మకు ఇవ్వబోయాను. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. గడప దాటి, నడిచి, ఆయన ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"మామా, చాయ్" అన్నాను.

ఆయన నా నోటి వైపే చూశాడు. గ్లాసు అందుకున్నాడు.

"అల్లం ఏసినవా బిడ్డా?" అన్నాడు.